పెరటి కొలిమిలో పెర్సియస్

ఇటలీ దేశంలోని ఫ్లారెన్స్ నగరంలో, పాత రాజసౌధం ఎదుట ఉన్న విశాలమైన కూడలికి ఒక పక్కన, ఎత్తైన కమానులతో కూడిన మండపం ఒకటి ఉంది. 1554వ సంవత్సరం నుంచి ఆ మండపంలో ఒక కంచు వీరుడు నిలిచి ఉన్నాడు. కుడిచేత వంపు తిరిగిన కత్తి, పైకెత్తిన ఎడమచేత తెగిన శిరస్సు, పాదాల కింద మొండెం. గ్రీకు పురాణగాథల్లో ప్రసిద్ధుడైన పెర్సియస్ అతడు. ఆ శిరస్సు మెడూసా అనే రాక్షసిది. ఆమె కేశాలన్నీ సర్పాలే. ఆమె ముఖాన్ని చూసినవారు శిలలైపోతారని గాథ.

ఈ విగ్రహాన్ని చూసినవారికి ఇది ఏ రాజుగారి లోహశాలలోనో, వందలాది పనివారి శ్రమతో తయారై ఉంటుందనిపిస్తుంది. నిజానికి ఇది ఒక ఇంటి పెరటి పక్కన, ఆ ఇంటివాడు తన ప్రణాళిక ప్రకారం కట్టించుకున్న బట్టీలో కరిగిన లోహంతో రూపుదిద్దుకున్నది. పెర్సియస్ దేహమంతా ఒకే రాత్రి, ఒకే పోతలో అచ్చులోకి దిగింది. ఆ ఇంటివాడి పేరు బెన్వెనూటో చెల్లినీ.

చెల్లినీ 1500వ సంవత్సరం నవంబరు 3వ తేదీన ఫ్లారెన్స్‌లో జన్మించాడు. తండ్రి జొవాన్నీ సంగీతజ్ఞుడు. వాద్యాలు తయారుచేయడంలోనూ నేర్పరి. వివాహమైన చాలా ఏళ్లకు ఆ దంపతులకు సంతానం కలిగింది. ఈసారీ ఆడపిల్లే పుడుతుందని ఇంటిల్లిపాదీ అనుకుంటూ ఉండగా మగశిశువు కలిగాడు. తండ్రి ఆనందంతో ఆ బిడ్డకు బెన్వెనూటో అని పేరు పెట్టాడు. స్వాగతం అని ఆ మాటకు అర్థం. కొడుకు గొప్ప వేణువాదకుడు కావాలని ఆ తండ్రి జీవితాంతం కోరుకున్నాడు. కొడుక్కు ఆ వేణువంటే పరమ ద్వేషం. అతని మనస్సంతా నిప్పు మీద, బంగారం మీద, సుత్తి మీద లగ్నమై ఉండేది. పదిహేనవ ఏట ఒక స్వర్ణకారుని వద్ద శిష్యుడిగా చేరాడు. తండ్రి మనసు నొప్పించడం ఇష్టంలేక మధ్యమధ్య వేణువు వాయిస్తూనే, తన విద్యను తాను సాధించుకున్నాడు.

చేతిపనిలో ఎంత ఓర్పు ఉండేదో స్వభావంలో అంత దుడుకుతనం ఉండేది. 1523లో ఒక కొట్లాటలో చిక్కుకుని, శిక్షకు భయపడి, సన్యాసి వేషంలో ఫ్లారెన్స్ నుంచి పారిపోయి రోమ్ నగరం చేరాడు. అక్కడ పోపు ఏడవ క్లెమెంట్ ఆదరణ లభించింది. నాణేలకు, పతకాలకు ముద్రలు చెక్కడంలో అతనికి సాటి లేరన్న పేరు వచ్చింది. అయితే అదే నగరంలో తన సోదరుని చంపినవానిని తానే చంపాడు. 1534లో తనకు పోటీగా ఉన్న మరొక స్వర్ణకారుని కూడా కత్తితో పొడిచి చంపాడు. ప్రభువుల అండతో రెండుసార్లూ శిక్ష తప్పింది. కళాకారుని కీర్తి వెలుగులో ఈ నేరాలను కప్పిపుచ్చడం చరిత్రకు న్యాయం కాదు. అతడు సాధువు కాడు. తాను సాధువునని అతడెన్నడూ చెప్పుకోనూ లేదు.

లోహంతో, నిప్పుతో అతని అనుబంధాన్ని తెలిపే తొలి ఘట్టం 1527 నాటిది. ఆ సంవత్సరం చక్రవర్తి అయిదవ చార్లెస్ సైన్యాలు రోమ్‌పై పడి నగరాన్ని దోచుకున్నాయి. పోపు శాంత్ ఆంజెలో అనే కోటలో తలదాచుకున్నాడు. చెల్లినీ ఆ కోటలోనే ఫిరంగుల వద్ద పనిచేశాడు. ఒకనాడు పోపు అతనిని రహస్యంగా పిలిపించి, తన కిరీటాల నుంచి, ఆభరణాల నుంచి రత్నాలను ఊడదీయించాడు. రత్నాలను బట్టల మడతల్లో కుట్టి దాచారు. మిగిలిన బంగారాన్ని శత్రువుల కంట పడకుండా కరిగించాలి. కోట పైభాగాన ఉన్న తన గదిలోనే చెల్లినీ ఇటుకలు పేర్చి ఒక చిన్న కొలిమి కట్టాడు. దానికి తిత్తులు లేవు. గాలి దానంతట అదే లోనికి చొరబడి నిప్పును రాజేసేటట్లు అమర్చాడు. మండుతున్న బొగ్గుల మీద బంగారం వేస్తే అది కరిగి, బొట్లుబొట్లుగా కిందనున్న పళ్లెంలోకి జారేది. ఒకవైపు ఫిరంగులు పేలుస్తూ, మరొకవైపు ఆ కొలిమిని చూసుకుంటూ పని పూర్తి చేశాడు. ఆ బూడిదలో మిగిలిన బంగారు రవ్వలను కొన్నింటిని తాను ఉంచుకున్నట్లు తర్వాతి కాలంలో పోపు ఎదుటనే ఒప్పుకుని క్షమాపణ పొందాడు.

అయినా ఆ కొలిమి అతనిని వదలలేదు. క్లెమెంట్ మరణించాక మూడవ పాల్ పోపు అయ్యాడు. ఆనాడు ఊడదీసిన ఆభరణాల్లో కొన్నింటిని చెల్లినీ అపహరించాడని 1538లో అభియోగం మోపి, తాను ఏ కోటను కాపాడాడో అదే కోటలో అతనిని బంధించారు. దుప్పట్లను చీల్చి తాళ్లుగా పేని, గోడ దిగి పారిపోబోయి కాలు విరగ్గొట్టుకున్నాడు. మరల పట్టుబడ్డాడు. చివరకు ఒక కార్డినల్ మధ్యవర్తిత్వంతో 1539లో విడుదలై, ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ ఆస్థానానికి వెళ్లాడు. అక్కడ అతడు రాజు కోసం తయారుచేసిన బంగారపు ఉప్పుగిన్నె ప్రపంచంలోని స్వర్ణశిల్పాలలో అగ్రగణ్యమైనదిగా నేటికీ పరిగణింపబడుతున్నది. భూదేవి, సముద్రదేవుడు ఎదురెదురుగా కూర్చున్న ఆ శిల్పం వియన్నా మ్యూజియంలో ఉంది. 2003లో దానిని ఒక దొంగ ఎత్తుకుపోయాడు. 2006లో ఒక అడవిలో, నేలలో పాతిపెట్టిన పెట్టెలో అది దొరికింది.

ఫ్రాన్స్‌లోనే చెల్లినీ పెద్ద కంచు పోతల వైపు మొగ్గాడు. 1545లో స్వస్థలమైన ఫ్లారెన్స్‌కు తిరిగి వచ్చేసరికి అక్కడ డ్యూక్ కోసిమో మెదీచీ పాలిస్తున్నాడు. కూడలి మండపంలో నిలపడానికి ఒక పెర్సియస్ విగ్రహం కావాలని డ్యూక్ కోరాడు. చెల్లినీ ఉత్సాహంగా అంగీకరించాడు కాని, ఆ కూడలి సామాన్యమైన స్థలం కాదు. మైకెలాంజెలో చెక్కిన పాలరాతి డేవిడ్ అప్పట్లో అక్కడ ఉండేది. డొనాటెల్లో కంచు శిల్పం జూడిత్ కూడా అక్కడే ఉండేది. అంతటివారి సరసన నిలబడవలసినవాడు అంతవరకు ఉంగరాలు, పతకాలు, పాత్రలు చేసిన స్వర్ణకారుడు. అతనికి మహాశిల్పం చేతకాదని ఆస్థాన శిల్పి బాండినెల్లి మొదలైనవారు బాహాటంగానే అన్నారు. నలభై అయిదేళ్ల వయసులో, అప్పటిదాకా ఆర్జించిన కీర్తినంతా ఒక్క విగ్రహం మీద ఒడ్డిన పందెం అది.

డ్యూక్ అతనికి పెర్గోలా వీధిలో ఒక ఇల్లు ఇచ్చాడు. ఇంటి వెనుక తోట ఉంది. ఆ స్థలంలో చెల్లినీ పనిశాల వేసి, బట్టీ కట్టడానికి సిద్ధపడ్డాడు. కాని వెంటనే పెర్సియస్ జోలికి పోలేదు. స్థానికంగా దొరికే మన్ను వేడికి ఎలా నిలుస్తుందో అతనికి తెలియదు. ఆ మన్నును పరీక్షించడం కోసమే ముందుగా డ్యూక్ ప్రతిమను, శిరస్సు నుంచి వక్షం వరకు, కంచులో పోశాడు. తర్వాత మెడూసా మొండెం పోశాడు. అది చక్కగా వచ్చింది. దుడుకు మనిషిగా పేరుపడిన చెల్లినీ మన్ను దగ్గరా నిప్పు దగ్గరా ఎంత ఓపికగా మెలిగాడో ఈ సన్నాహం చూస్తే తెలుస్తుంది.

అతడు అనుసరించిన పద్ధతి మనకు కొత్తది కాదు. మన ప్రాచీనులు దీనిని మధూచ్ఛిష్ట విధానమన్నారు. మధూచ్ఛిష్టమంటే తేనెకు ఎంగిలి, అనగా తేనె పిండగా మిగిలిన మైనం. పన్నెండవ శతాబ్దంలో కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో ఈ విధానం వర్ణితమై ఉంది. ఆదిలాబాదు ప్రాంతపు ఓజ కళాకారుల చేతుల్లో ఇది నేటికీ జీవించి ఉంది. చెల్లినీ చేసినది ఇది: ముందు ఇనుప కడ్డీల ఆధారంతో మట్టితో లోపలి గుజ్జురూపం చేసి కాల్చాడు. దానిపై మైనం పూత వేసి, కండరాలు, నరాలు, కేశాలు సమస్తం ఆ మైనంలోనే తీర్చాడు. ఆ మైనంపై మెత్తని మన్ను పొరలు పొరలుగా పూసి, ఇనుప పట్టీలతో బిగించాడు. సన్నని సెగ తగిలిస్తే లోపలి మైనం కరిగి బయటికి పోయింది. మైనం ఉన్నచోట ఖాళీ ఏర్పడింది. కరిగిన కంచు ఆ ఖాళీని నింపాలి.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గమనించాలి. మైనం కరిగిపోయిన క్షణం నుంచి శిల్పి చేతిలో శిల్పం లేదు. ఏళ్ల తరబడి తీర్చిన రూపమంతా చీకటి నిండిన ఒక మట్టి అచ్చులో శూన్యంగా మాత్రమే ఉంది. పోత విఫలమైతే అచ్చు పోతుంది, లోహం పోతుంది, రూపమూ పోతుంది. అందుకే పెద్ద విగ్రహాలను భాగాలుగా పోసి అతికేవారు. డొనాటెల్లో జూడిత్ ఆ విధంగా చేసినదే. చెల్లినీ మాత్రం తల నుంచి పాదం వరకు, ఎత్తిన చేతిలోని మెడూసా శిరస్సుతో సహా, ఒకేసారి పోయదలచాడు.

డ్యూక్‌కు ఇది నమ్మశక్యంగా తోచలేదు. అంత ఎత్తున ఉన్న మెడూసా శిరస్సు కంచులో రావడం అసంభవమని వాదించాడు. శిరస్సుకు ఏ లోపమూ రాదని, వస్తే గిస్తే పెర్సియస్ కుడిపాదానికే రావచ్చునని చెల్లినీ బదులిచ్చాడు. వేడి సహజంగా పైకి ఎగసేది కనుక పై భాగాలు సులభంగా నిండుతాయని, అంత లోతుకు చేరేసరికి లోహం చల్లబడి అట్టడుగున ఉన్న పాదాన్ని పూర్తిగా నింపలేకపోవచ్చునని అతని వివరణ. డ్యూక్ తల ఊపి వెళ్లిపోయాడట. నమ్మి ఊపాడో, నమ్మక ఊపాడో తెలియదు.

1549లో ఆ రోజు వచ్చింది. బట్టీ ముందు గొయ్యి తవ్వి, మోకులతో, కప్పీలతో అచ్చును నిలువుగా పైకెత్తి, మెల్లగా గోతిలోకి దించారు. చుట్టూ మట్టి కూరుతూ, మట్టి పెరిగే కొద్దీ కాల్చిన మట్టిగొట్టాలను పైపైకి అమర్చుతూ వచ్చారు. లోహం లోపలికి దిగుతున్నప్పుడు అచ్చులోని గాలి ఆ గొట్టాల గుండా బయటికి పోవాలి. ఆ గాలికి దారి లేకపోతే అచ్చు పగులుతుంది. బట్టీలో రాగి దిమ్మలను, కంచు ముక్కలను మంట వాటి సందుల్లోంచి పారేటట్లు పేర్చి, పైన్ దుంగలతో నిప్పు రాజేశారు. జిగురు నిండిన ఆ కట్టె భగ్గున మండింది. మంట ఎంత ఉద్ధృతంగా లేచిందంటే, పనిశాల పైకప్పు అంటుకుంది. అదే సమయంలో పెరటివైపు నుంచి హోరుగాలి, వర్షం లోనికి కొట్టి బట్టీని చల్లార్చసాగాయి. పైన నిప్పు, పక్కన నీరు. వీటితో గంటల తరబడి పోరాడిన చెల్లినీకి అంతలో తీవ్రమైన జ్వరం వచ్చింది. నిలబడలేని స్థితిలో, చేయవలసినదంతా సహాయకులకు వివరించి, తెల్లవారేసరికి తాను బతికి ఉండనని చెప్పి వెళ్లి మంచమెక్కాడు.

రెండు గంటలు గడిచాయి. వంకర తిరిగిన దేహంతో ఒకడు గదిలోకి వచ్చి, మరణశిక్ష పడినవానికి చివరి ఘడియ చెప్పేవాని గొంతుతో, పని సర్వనాశనమైందని, ఇక దానికి విరుగుడు లేదని చెప్పాడు. ఆ మాటకు చెల్లినీ పెట్టిన కేక వీధి చివరి వరకు వినిపించి ఉంటుంది. మంచం మీద నుంచి దూకి, బట్టలు తొడుక్కుంటూ, అడ్డువచ్చినవారినల్లా తన్ని తోసుకుంటూ బట్టీ దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ పనివారు కొయ్యబారి నిలబడి ఉన్నారు. బట్టీలోని లోహం, ముదిరిన బెల్లపు పాకంలా గడ్డకట్టి ఉంది. పని పురిటిలోనే సంధి కొట్టినట్లయింది. గడ్డకట్టిన లోహాన్ని మరల కరిగించడం ఏ విద్యకూ సాధ్యం కాదని అనుభవజ్ఞుడైన ఒక సహాయకుడు అన్నాడు. చెల్లినీ చూసిన చూపుకు అతడు వెంటనే మాట మార్చి, ఏం చేయమంటే అది చేస్తామన్నాడు.

ఎదురింట ఒక మాంసం వ్యాపారి ఉండేవాడు. ఆ ఇంట్లో ఏడాదికి పైగా ఎండిన ఓక్ కట్టెల మోపు ఉంది. ఆ ఇంటి ఇల్లాలు వాటిని ఇస్తానని అంతకుముందే చెప్పి ఉంది. ఆ కట్టెలు తెప్పించి బట్టీలోకి తోయించాడు. ఓక్ మంట పైన్ మంట కంటె తీక్షణమైనది. గడ్డ మెల్లగా ఎర్రబడి కదలసాగింది. కొందరిని పైకప్పు మంటలు ఆర్పడానికి పంపాడు. పెరటివైపు పలకలు, తివాచీలు, తెరలు కట్టించి వాన జల్లును అడ్డుకున్నాడు. తర్వాత సుమారు అరవై పౌన్ల బరువు గల సత్తు దిమ్మను తెప్పించి బట్టీలో వేసి, గునపాలతో కలియబెట్టించాడు. లోహం పలుచబడింది. తన జ్వరం సంగతి అతనికి గుర్తే లేదు.

ఇంతలో పిడుగు పడినట్లు ధ్వని వచ్చింది. కళ్లు మిరుమిట్లు గొలిపే మంట ఎగసింది. బట్టీ పైమూత బద్దలై, కరిగిన కంచు పొంగి పైకి వస్తున్నది. తక్షణమే అచ్చు ద్వారాలు తెరిపించాడు. లోహం పారింది కాని, ఉండవలసినంత వేగంతో పారలేదు. కారణం అతనికి క్షణంలో స్ఫురించింది. ఇంట్లోని సత్తు కంచాలు, గిన్నెలు, పళ్లేలు అన్నింటినీ తెమ్మన్నాడు. సుమారు రెండు వందలు వచ్చాయి. కొన్నింటిని కాలువల్లో, కొన్నింటిని బట్టీలో ఒక్కొక్కటిగా వేయించాడు. లోహం నీరులా జారింది. అచ్చు నిండింది. చెల్లినీ మోకాళ్లపై కూలబడి దైవానికి నమస్కరించాడు. తర్వాత ఆకలి తెలిసింది. పనివారితో కలిసి తృప్తిగా తిని తాగి, తెల్లవారడానికి రెండు గంటల ముందు పడుకుని గాఢంగా నిద్రపోయాడు.

కంచాలు విసరడం వెర్రి ఆవేశంలా కనిపించవచ్చు. కాని అందులో నిక్కమైన లోహశాస్త్రం ఉంది. కంచు రాగి, తగరాల మిశ్రమం. రాగి ఒక్కటే కరగాలంటే 1085 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. రాగిలో తగరం కలిసినకొద్దీ మిశ్రమం తక్కువ వేడికే కరిగి, పలుచగా పారుతుంది. మంట మితిమీరితే తగరం ముందుగా గాలితో కలిసి కాలిపోతుంది. మిగిలిన లోహం చిక్కబడుతుంది. ఆ రాత్రి జరిగినది అదే. ఆ కాలంలో ఐరోపాలో భోజనపు కంచాలు చేసే సత్తులో ప్రధానాంశం తగరమే. పోయిన తగరాన్ని ఇంటి కంచాలతో తిరిగి చేర్చాడన్నమాట. ఆక్సీకరణమన్న మాట అప్పటికి పుట్టలేదు. కొలిమి దగ్గర గడిపిన మూడు దశాబ్దాలు అతనికి ఆ జ్ఞానాన్ని ఇచ్చాయి.

ఈ రాత్రి కథ మనకు చెల్లినీ స్వయంగా రాసుకున్న ఆత్మకథ ద్వారానే ప్రధానంగా తెలుస్తున్నది. అతడు ఆత్మస్తుతిలో ఘనుడు. పిడుగు శబ్దంలో, జ్వర తీవ్రతలో కొంత అతిశయోక్తి ఉండవచ్చు. అయినా తగరం విషయంలో అతని కథనం లోహ స్వభావానికి సరిగ్గా సరిపోతుంది.

రెండు రోజులు చల్లారనిచ్చి, మట్టి తొలగించడం మొదలుపెట్టాడు. పైన మెడూసా శిరస్సు ఏ లోపమూ లేకుండా వచ్చింది. పెర్సియస్ శిరస్సు, భుజాలు, దేహం చక్కగా ఉన్నాయి. కిందికి వచ్చే కొద్దీ అతనికి ఒక విధమైన బెంగ పట్టుకుంది. పాదం కూడా పూర్తిగా వస్తే డ్యూక్ ఎదుట తాను చెప్పిన మాట తప్పవుతుంది! చివరకు కుడిపాదం బయటపడింది. మడమ నిండింది; వేళ్లు, వాటిపైన కొంత భాగం నిండలేదు. తన పనిలో లోపం కనిపించినందుకు ఇంతగా సంతోషించిన శిల్పి మరొకడు ఉండడు. ఆ వేళ్లను తర్వాత వేరుగా పోసి అతికాడు.

పోత తర్వాత చెక్కడం, మెరుగు పెట్టడం, పీఠం తయారుచేయడం మరికొన్ని ఏళ్లు సాగాయి. డబ్బు సరిగా అందేది కాదు. 1554 ఏప్రిల్‌లో విగ్రహాన్ని ఆవిష్కరించిననాడు ఫ్లారెన్స్ ప్రజలు తండోపతండాలుగా వచ్చారు. ప్రశంసాపద్యాలు రాసి మండపం వద్ద అంటించారు. ప్రతిఫలం వద్దకు వచ్చేసరికి చిక్కు వచ్చింది. చెల్లినీ పదివేల బంగారు నాణేలు అడిగాడు. మధ్యవర్తి మూడువేల అయిదువందలుగా తేల్చాడు. ఆ సొమ్ము కూడా వాయిదాల మీద, అడగగా అడగగా వచ్చింది. ఆ తర్వాత డ్యూక్ అతనికి మరే పెద్ద కంచు విగ్రహమూ పురమాయించలేదు. ఇది ఆ ప్రభువుకు గౌరవం తెచ్చే విషయం కాదు.

1558లో చెల్లినీ ఆత్మకథ ప్రారంభించాడు. తాను పనిచేసుకుంటూ చెబుతూ ఉంటే, పద్నాలుగేళ్ల బాలుడొకడు రాసేవాడు. 1568లో స్వర్ణకార విద్య మీద, శిల్పం మీద అతని గ్రంథాలు రెండు అచ్చయ్యాయి. బట్టీ ఎలా కట్టాలో, ఏ మన్ను వాడాలో, గాలిగొట్టాలు ఎక్కడ ఉంచాలో, తన చేతులు నేర్చినదంతా వాటిలో దాచుకోకుండా చెప్పాడు. 1571 ఫిబ్రవరి 13న మరణించగా ఫ్లారెన్స్‌లోని అనున్‌త్సియాతా దేవాలయంలో గౌరవంగా ఖననం చేశారు. ఆత్మకథ మాత్రం 1728 వరకు అచ్చుకు నోచుకోలేదు. తర్వాత దానిని జర్మన్ భాషలోకి అనువదించినవాడు మహాకవి గేటే.

పెర్సియస్ వక్షం మీదుగా ఏటవాలుగా ఒక పట్టీ ఉంటుంది. దానిమీద చెల్లినీ తన పేరును, తాను ఫ్లారెన్స్ పౌరుడనన్న సంగతిని, 1553 అన్న సంవత్సరాన్ని లాటిన్ అక్షరాలలో చెక్కాడు.